పఠన మందిరంలో గొడవ లేచినప్పుడు గ్రంథపాలకుడు చేయవలసినది

మే నెలలో అనంతపురం వైపు ఏ శాఖా గ్రంథాలయంలోనైనా ఉదయం తొమ్మిది దాటితే మొదటి తగవు ఫ్యాను గురించే వస్తుంది. ఒకరికి గాలి కావాలి. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయనకు చేతిలోని పత్రిక ఎగిరిపోకూడదు. ఒకరు స్విచ్చి వేస్తారు, మరొకరు లేచి వెళ్లి ఆపేస్తారు, మూడోసారికి మాట మీద మాట పెరిగి మందిరమంతా తలలెత్తి చూస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన తొలి వేసవిలో ఇటువంటి తగవును, గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డును చూపిస్తూ గట్టిగా అరిచి ఆపబోయాను. అంతవరకు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్న ఆ ఇద్దరూ ఒక్కటై నా మీదికి తిరిగారు. మరునాడు మా రికార్డు అసిస్టెంటు, దగ్గరలో కడుతున్న ఇంటి ముందు పడి ఉన్న తాడిపత్రి బండల ముక్కలను, అరచేతిలో పట్టేటంతవి పది ఏరుకొచ్చి, కడిగి ఆరబెట్టి, ఒక్కొక్క పత్రిక మీద రెండేసి పెట్టాడు. ఆ వేసవిలో ఫ్యాను మీద మళ్లీ పేచీ రాలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారికి నేను మొదట ఆ రాళ్ల గురించే చెబుతాను. పఠన మందిరంలో లేచే గొడవలలో ఎక్కువ భాగం మనుషుల చెడ్డతనం నుంచి కాదు, కొరత నుంచి పుడతాయి. ఉన్నది ఒక్క జిల్లా ఎడిషన్, చదవాలనుకునేవారు ఆరుగురు. ఉన్నవి రెండు ప్లగ్గులు, ఛార్జింగు పెట్టుకోవాలనుకునేవారు పన్నెండు మంది. కొరతను ముందు సర్దకుండా మనిషిని సర్దబోతే, మనం రోజంతా సర్దుతూనే ఉండాలి. అందువలన ఎవరినైనా మందలించడానికి ముందు, ఈ తగవు ఏ వస్తువు చుట్టూ తిరుగుతున్నదో చూసే అలవాటు చేసుకోవాలి.

దినపత్రికను పొద్దున్నే విడదీయండి. ప్రధాన సంచిక, జిల్లా పేజీలు, ఆదివారం అనుబంధం, చదువుల పేజీ వేటికవి పిన్ను కొట్టి వేరు వేరు బల్లల మీద పెడితే ఒకే పత్రికను నలుగురు చదవగలుగుతారు. "ఏమప్పా, పేపరంతా నువ్వొక్కడివే పట్టుకోని కూచుంటే మేమేం చదవాల?" అన్న మాట అక్కడితో సగం తగ్గుతుంది. పదకేళిని ఎవరో ఒకరు పెన్నుతో నింపి మిగిలినవారికి లేకుండా చేస్తున్నట్లయితే, ఆ ఒక్క ముక్కను జిరాక్సు తీయించి నాలుగు కాగితాలు బల్ల మీద ఉంచడానికి అయ్యే ఖర్చు కాఫీ ఖర్చుకు మించదు.

కుర్చీల తగవు దీనికంటే కష్టమైనది. పోటీ పరీక్షల ప్రకటన వచ్చిందంటే చాలు, మన గ్రంథాలయాలు నిండిపోతాయి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినటువంటి రోజులలో తలుపు తీయకముందే మెట్ల మీద బ్యాగులు వరుసగా ఉంటాయి. బ్యాగు పెట్టి టిఫినుకు పోయినవారికి, కుర్చీ దొరకక నిలబడినవారికి మధ్య వచ్చే తగవులో ఇద్దరి పక్షానా న్యాయం ఉంటుంది. ఒకరు రూము అద్దె కట్టి, ఒంటిపూట తిని చదువుతున్నారు; మరొకరు పల్లె నుంచి మొదటి బస్సు పట్టుకొని వచ్చారు. ఇక్కడ లైబ్రేరియన్ దయాదాక్షిణ్యం పనికిరాదు, నియమం కావాలి. మనిషి లేకుండా అరగంట దాటిన కుర్చీలోని సామానును తీసి కౌంటరు పక్కన భద్రంగా ఉంచుతాము అని రాసి పెట్టండి. లేచి వెళ్లేవారు సమయం రాసి పెట్టే చీటీలను సిద్ధం చేసి ఇవ్వండి. మొదటి వారం రోజులు మీరే గడియారం చూసి, మీ చేతులతో సామాను తీసి పెట్టాలి. ఆ పని పాఠకులకు వదిలిపెట్టారా, బ్యాగు కింద పడిందనో, లోపలి పెన్‌డ్రైవ్ పోయిందనో రెండో గొడవ మొదలవుతుంది.

నియమం ఎలా ఉండాలి

నియమాలు మీ నోటిలో కాక గోడ మీద ఉండాలి, గోడ మీదివి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి సంతకంతో రావాలి. అప్పుడే "ఇది నీ సొంత రూలా?" అన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. రాసేటప్పుడు మనిషి ఎటువంటివాడో రాయకూడదు, ఏ పని కూడదో రాయాలి. 'మర్యాదగా ప్రవర్తించవలెను' అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. మర్యాద అంటే ఏమిటో అక్కడే వాదన మొదలవుతుంది. 'ఫోనులో మాట్లాడవలసినవారు వరండాలోకి వెళ్లాలి', 'వీడియోలను ఇయర్‌ఫోన్స్ లేకుండా వినరాదు', 'పత్రికను పైకి చదవరాదు' అన్నవి వాదనకు చోటివ్వవు. పది కంటే ఎక్కువ పెడితే ఎవరూ చదవరు. అక్షరాలు కళ్లజోడు మరిచిపోయి వచ్చిన పెద్దాయనకు కనబడేటంత ఉండాలి.

ఆ పైన, నియమం అందరికీ ఒకటే కావాలి. రిటైరైన తహసీల్దారు గారు ఫోనులో గట్టిగా మాట్లాడితే చిరునవ్వుతో ఊరుకొని, ఆటో నడిపే కుర్రవాడు మాట్లాడితే వేలు చూపించే గ్రంథపాలకుణ్ణి మందిరమంతా గమనిస్తూనే ఉంటుంది. ఆ రోజు నుంచి ఆయన మాటకు విలువ ఉండదు. నిజం చెప్పాలంటే, మనకు తెలిసిన పెద్దమనుషులతోనే ఈ పని కష్టం. అపరిచితుడికి చెప్పడం సులువు.

లేచి దగ్గరకు వెళ్లండి

కౌంటరులో కూర్చొని దూరం నుంచి కేక వేయడం మనలో చాలామందికి ఉన్న దోషం. ఆ కేక వలన చదువుకుంటున్న ముప్పైమందికీ భంగం కలుగుతుంది, తప్పు చేసినవాడికి అందరి ముందు తల తీసేసినట్లవుతుంది, పరువు నిలుపుకోవడానికి అతడు ఎదురు తిరుగుతాడు. లేచి, తొందర లేకుండా నడిచి, అతనికి ఎదురుగా కాక పక్కగా, చేయి చాచినంత దూరంలో నిలబడి, అతని గొంతు కంటే ఒక మెట్టు తగ్గించి మాట్లాడాలి. గొంతు తగ్గించినప్పుడు ఎదుటివాడు వినడానికైనా తన గొంతు తగ్గించుకుంటాడు. ఈ ఉపాయం నన్ను నిరాశపరచిన సందర్భాలు తక్కువ.

మాట కూడా పని గురించే ఉండాలి. సాయంత్రం పూట ఒక కుర్రవాడు మూల బల్ల దగ్గర ఫోనులో క్రికెట్ పెట్టుకొని, ప్రతి వికెట్‌కూ బల్ల చరుస్తున్నాడనుకోండి. "నీకు బుద్ధి లేదా, ఇది లైబ్రరీనా సినిమా హాలా" అంటే అతడికి జవాబు చెప్పక తప్పదు. "నాయనా, ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా? లేకుంటే వరండాలో బెంచీ ఖాళీగానే ఉంది, ఓవరు అయినాక రా" అంటే ఎంచుకోవడానికి రెండు దారులిచ్చినట్లు. రెండింటిలో దేనిని ఎంచుకున్నా మందిరం నిశ్శబ్దమవుతుంది. చెప్పిన తరువాత అక్కడే నిలబడి అతని కళ్లలోకి చూస్తూ ఉండకూడదు. తిరిగి వచ్చేయాలి. వినడానికి ఒక నిమిషం వ్యవధి కావాలి, ఎవరూ చూడనప్పుడు వినడం అందరికీ సులువు.

గట్టిగా మాట్లాడే వృద్ధులలో చాలామందికి చెవులు సరిగా వినబడవు, తాము గట్టిగా మాట్లాడుతున్నామన్న సంగతే వారికి తెలియదు. వారిని మందలించకూడదు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ముందు పెడితే నవ్వి తలూపుతారు. ఎన్నికల ముందు రోజులలో పత్రికల బల్ల దగ్గర పార్టీల వాదం లేస్తే, అందులో ఎవరిది న్యాయమో ఒక్క మాట కూడా అనకుండా, ఇద్దరినీ వరండాలోకి టీకి పంపించాలి. నేను ఒకసారి 'అంకె తప్పు చెబుతున్నారు' అని వాదంలో వేలు పెట్టి, ఆ పార్టీ మనిషినన్న పేరు ఏడాదిపాటు మోశాను.

"నేను పన్ను కడతాను, నువ్వెవరు నన్ను అనడానికి?" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు తప్పక వస్తుంది. ఆ మాటలో సత్యముంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది, మన ఫ్యాను, పత్రిక, కుర్చీ ఆ డబ్బుతోనే వచ్చాయి. కాబట్టి ఖండించకండి. "నిజమేనన్నా, నువ్వూ కడుతున్నావు, ఆ మూలన చదువుకునే అమ్మాయి వాళ్ల నాయన కూడా కడుతున్నాడు" అంటే సరిపోతుంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. దానిని మనం పుస్తకం త్వరగా వెతికి ఇవ్వడానికి మాత్రమే అన్వయిస్తాము గాని, పక్కవాడి అల్లరి వలన వృథా అయ్యే గంట కూడా పాఠకుని సమయమే.

నిద్రపోయేవారి సంగతి ఒక్క మాటలో చెబుతాను: నిద్రపోనివ్వండి. నలభై డిగ్రీల ఎండలో పైసా ఖర్చు లేకుండా నీడలో కూర్చోగల చోటు ఊరిలో ఇదొక్కటే. గురక పెడితే బల్ల అంచును మెల్లగా తట్టండి, మనిషిని ముట్టుకోవద్దు. ఎంతకూ లేవకపోతే, చెమట పట్టక ఒళ్లు కాలిపోతుంటే అది నిద్ర కాదు. 108కు ఫోను చేయండి. వరండాలో బీడీ కాల్చేవారికి 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టంలోని బహిరంగ స్థలాల జాబితాలో గ్రంథాలయం పేరే ఉన్నదని, జరిమానా 200 రూపాయల వరకు ఉంటుందని చెప్పితే చాలు, ఎక్కువ మాట్లాడనక్కరలేదు.

బ్లేడు

ఉద్యోగ ప్రకటనలను, పాత ప్రశ్నపత్రాలను బ్లేడుతో కోసుకొని పోవడం మన మందిరాలలో చప్పుడు లేకుండా జరిగే అల్లరి. ఇందులో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది, ఎందుకంటే కోసిన పేజీ వెనుక వైపు ఉన్నది కూడా పోతుంది, ఆ సంపుటం ఇక ఎవరికీ పూర్తిగా పనికిరాదు. అయినా కళ్లతో చూడనిదే ఎవరినీ దొంగ అనకూడదు, సంచులు వెతకకూడదు. ఆడపిల్లల సంచులను అసలే ముట్టుకోకూడదు. పాత పత్రికల సంపుటాన్ని ఇచ్చేటప్పుడు పాఠకుని ఎదుటే పేజీలు తిప్పి చూసి, రిజిస్టరులో సంతకం తీసుకొని, తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అతని ఎదుటే తిప్పి చూడండి. ఆ రెండు నిమిషాల పని వలన బ్లేడు చాలావరకు జేబులోనే ఉండిపోతుంది. ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు అని బోర్డు పెట్టడం ఇంకా మంచిది. కోసుకోవలసిన అవసరమే పోతుంది.

ఆడవాళ్లకు ఇబ్బంది కలిగించేవారు

ఇక్కడ ఓపిక పనికిరాదు. ఒక అమ్మాయి ఎదుటి కుర్చీకే రోజూ వచ్చి కూర్చోవడం, పుస్తకం తిరగేసి పట్టుకొని చూస్తూ ఉండడం, ఆమె లేస్తే లేవడం, బస్టాండు దాకా వెంబడించడం వంటివి బయటికి చిన్నవిగా కనబడి, చివరకు ఆమె గ్రంథాలయానికి రావడం మానేసేలా చేస్తాయి. మనం సాధారణంగా చేసే తప్పు ఏమిటంటే, "నువ్వు ఆ పక్కకు కూర్చోమ్మా" అని ఆమెను లేపడం. లేవవలసినది అతడు. అతని దగ్గరకు వెళ్లి, ఆమె పేరు గాని, ఆమె ఏమన్నదో గాని ఎత్తకుండా, "మీరు ఈ బల్ల వదిలి కౌంటరు ముందున్న బల్లకు రండి" అని చెప్పి, అక్కడ మీ కళ్లెదుట కూర్చోబెట్టండి. కారణం అడిగితే "నేను చూశాను" అనండి, ఎందుకంటే ఫిర్యాదు ఆమె మీద మోపితే బయట ఆమెకే ప్రమాదం.

తరువాత ఆమెతో, వీలైతే మహిళా సిబ్బంది ద్వారా, విడిగా మాట్లాడి ఆమె ఏమి కోరుకుంటున్నదో అడగాలి. వెంబడించడం భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను కింద, లైంగిక వేధింపు 75వ సెక్షను కింద నేరాలని, మహిళల సహాయానికి 181, పోలీసులకు 112 ఉన్నాయని చెప్పండి. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయం మన వైపు చాలామంది ఆడపిల్లలకు ఉంటుంది. కాబట్టి ఆమె ఒప్పుకోకుండా తండ్రికి ఫోను చేయడం మేలు కాదు. బాధితులు పద్ధెనిమిదేళ్లలోపు పిల్లలైతే మాత్రం సంగతి వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం కూడా నేరమే.

తాగి వచ్చినవారు, మనసు బాగాలేనివారు

ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం పెద్ద పొరపాటు. తాగినవాడితో న్యాయాన్యాయాలు చర్చించకూడదు. "ఈ రోజుకు ఇంటికి పోన్నా, రేపు పొద్దున రా, పేపరు తీసి పెడతా" అన్న ఒక్క వాక్యాన్నే, అవే మాటలతో, అదే గొంతుతో మూడుసార్లు చెప్పండి. కదలకపోతే 112. బహిరంగ స్థలంలో తాగి ఇతరులకు చీకాకు కలిగించడం న్యాయ సంహితలోని 355వ సెక్షను కింద నేరం. 24 గంటల వరకు సాధారణ కారాగారం గాని, 1,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని, సమాజ సేవ గాని శిక్షగా ఉంటుంది. ఈ సెక్షనును అతనికి వినిపించనక్కరలేదు. పోలీసులకు ఇచ్చే కాగితంలో రాస్తే సరిపోతుంది.

తనలో తాను మాట్లాడుకునే మనిషి, ఎవరో తనను తిడుతున్నారని గోడ వైపు చూసి బదులిచ్చే మనిషి వేరు. అతని మాటలు ఎవరినీ తాకనంతవరకు అతడు కూడా పాఠకుడే. మా దగ్గరకు ఏళ్ల తరబడి వచ్చిన ఒకాయన ప్రతి రోజూ ఒకే పత్రికలోని ఒకే పేజీని పెదవులు కదుపుతూ చదివేవాడు; కొత్తవారు ఉలిక్కిపడేవారు, పాతవారు జరిగి చోటిచ్చేవారు. అతని గొంతు పెరిగిన రోజున చేయవలసినది ఇది: చుట్టూ ఉన్నవారిని నెమ్మదిగా జరపడం, ఒక్కరే మాట్లాడడం, చిన్న చిన్న వాక్యాలలో మాట్లాడడం, ఆయన వింటున్న గొంతులు అబద్ధమని వాదించకపోవడం, కాసిని మంచినీళ్లు ఇవ్వడం. ఇంటివారి ఫోను నంబరు తెలిసి ఉంటే పిలవండి. ఏమి చేయాలో తోచకపోతే 14416కు, అంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోను చేస్తే తెలుగులోనే సలహా ఇస్తారు. దిక్కు లేక తిరుగుతూ తనకు గాని ఇతరులకు గాని ప్రమాదకరంగా ఉన్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకొని 24 గంటలలోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలని, లాకప్పులో పెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. 112కు ఫోను చేసినప్పుడు 'పిచ్చివాడు గొడవ చేస్తున్నాడు' అనకుండా 'వైద్యం అవసరమైన మనిషి' అని చెబితే, వచ్చేవారు కూడా లాఠీని పక్కన పెట్టి వస్తారు.

చేయి లేచినప్పుడు

మన శాఖలలో చాలాచోట్ల గ్రంథపాలకుడు ఒక్కడే ఉంటాడు, ఒక్కోసారి ఒక్కతే ఉంటుంది. అందుకని కౌంటరును తలుపుకు దగ్గరగా, మీ వెనుక గోడ కాక దారి ఉండేటట్లు అమర్చుకోండి. పక్క టీ కొట్టు ఆయనతో, ఎదుటి జిరాక్సు షాపు ఆమెతో పరిచయం పెంచుకొని, వారి నంబర్లను కాగితం మీద రాసి అంటించండి. స్టేషన్ దూరమైతే ముందు వచ్చేది వాళ్లే. కొట్టుకునే ఇద్దరి మధ్యకు దూరకూడదు. మిగిలిన పాఠకులను బయటికి పంపించి, ఫోను చేసి, దూరంగా నిలబడాలి. ఎవరినీ గదిలో పెట్టి గడియ వేయకూడదు. విధిలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద చేయి చేసుకోవడం న్యాయ సంహితలోని 132వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. "పోనీలే" అని ఆ ఫిర్యాదును మింగేస్తే, మీ తరువాత ఆ కుర్చీలోకి వచ్చేవారికి అదే మనిషి ఎదురవుతాడు. జరుగుతున్నదానిని సిబ్బంది ఫోనులో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులలో తిప్పడం మాత్రం ఎంత కోపంలోనైనా కూడదు.

రిజిస్టరు, తిరిగి రావడం

పెద్ద సంఘటన ఏది జరిగినా ఆ రోజు తలుపు వేయకముందే రాయాలి. రాసేటప్పుడు చూసినది, విన్నది మాత్రమే రాయాలి. 'తాగుబోతు వచ్చి రభస చేశాడు' అన్నది అభిప్రాయం. 'సాయంత్రం 5.40కి వచ్చిన వ్యక్తి మాట తడబడింది, మద్యం వాసన వచ్చింది, రెండు కుర్చీలను తోశాడు, మూడుసార్లు వెళ్లమని చెప్పగా 5.55కి వెళ్లాడు, చూసినవారు ఇద్దరు' అన్నది సాక్ష్యం. రేపు కార్యదర్శి గారు అడిగినా, ఊరి పెద్ద ఒకరు వచ్చి "మావాడిని ఎందుకు పంపించావు" అన్నా, ఆ పేజీ మీ తరఫున మాట్లాడుతుంది.

ఒక రోజుకు బయటికి పంపడం మీ చేతిలోని పని. దినాలు, వారాలు రానివ్వకపోవడం పైవారి వ్రాతపూర్వక ఉత్తర్వుతో జరగాలి, అందులో కారణం, ఎప్పటి నుంచి తిరిగి రావచ్చునో తేదీ, అభ్యంతరం ఎవరికి చెప్పుకోవాలో ఉండాలి. 'ఇంక ఎప్పుడూ రావద్దు' అని నోటితో అనేయడం మన అధికారంలో లేదు. తిరిగి వచ్చిన రోజున పాత సంగతి ఎత్తకూడదు, సిబ్బందిని ఎత్తనివ్వకూడదు. క్రికెట్ కుర్రవాడైనా, ఆ రోజు కుర్చీలు తోసిన మనిషైనా, తలుపు దగ్గర కాస్త తటపటాయిస్తాడు. సంతకాల పుస్తకాన్ని అతని వైపు తిప్పి, పెన్ను ఇచ్చి, అతడు రోజూ అడిగే పత్రిక ఏ బల్ల మీద ఉన్నదో చెప్పండి.